641 చేతిలో ఓడిపోయిన అంకె

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో అన్నావు చూడు, ఇంటర్నెట్‌లో పాత రకం అడ్రసులు మొత్తం 4294967296 మాత్రమేనని. నువ్వేదో మాటవరసకి అన్నావు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి ఒకటి కలిపితే వచ్చే అంకెకి పెద్ద కథే ఉంది మరి.

2 తీసుకో. దాన్ని దానితోనే హెచ్చవేస్తే 4. మళ్ళీ అలాగే 16, 256, 65536, ఆ తర్వాత నీ 429 కోట్ల చిల్లర. ఒక్కోదానికి ఒకటి కలుపుతూ పో: 3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే, అంటే 1తోనూ తమతోనూ తప్ప ఇంక దేంతోనూ భాగం పోనివి! ఇది చూసి ఫెర్మా మురిసిపోయాడు. ఈయనది ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో కోర్టు ఉద్యోగం, లెక్కలు సరదాకి. 1640లో స్నేహితులకి ఉత్తరాలు రాస్తూ, ఈ వరసలో ఎంత దూరం వెళ్ళినా అన్నీ ప్రధానాలేనని నా నమ్మకం అన్నాడు. రుజువు మాత్రం దొరకలేదని తనే ఒప్పుకున్నాడు, పాపం.

1729లో గోల్డ్‌బాక్ అనే లెక్కల పండితుడు ఈ సంగతి ఇంకో లెక్కల దిగ్గజం ఆయిలర్ చెవిన వేశాడు. మూడేళ్ళకి ఆయిలర్ తేల్చేశాడు: ఆరోది, అంటే 4294967297, ప్రధానం కాదు, దాన్ని 641 భాగిస్తుందని. అలా అని కనిపించిన అంకెనల్లా పెట్టి భాగిస్తూ కూర్చోలేదురా. దీన్ని భాగించే ప్రధానం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలని కనిపెట్టాడు. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోయింది! ఫెర్మా ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఉంటే చాలు.

నేను ఊరుకుంటానా? క్యాలెండర్ కాగితం చింపి, వెనక్కి తిప్పి మొదలెట్టా. 4294967297ని 641తో భాగిస్తే 6700417 రావాలి, అందుకే సరిచూద్దామని 6700417 ఇంటూ 641 వేశా. మొదటిసారి మూడో వరస ఒక గడి పక్కకి జరపడం మర్చిపోయా, జవాబు ఎక్కడికో పోయింది. మా ఆవిడ "కరెంటు బిల్లా?" అంది. రెండోసారి సరిగ్గా 4294967297 వచ్చింది, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అంత పెద్ద హెచ్చవేత నీకు బద్ధకమైతే అడ్డదారి ఉంది. మన అంకె అంటే 65536ని దానితోనే హెచ్చవేసి ఒకటి కలిపిందేగా, కాబట్టి శేషంతో చేసినా చాలు. 65536ని 641తో భాగించు, 154 మిగులుతుంది. ఆ 154ని దానితోనే హెచ్చవెయ్యి: 23716. ఒకటి కలుపు: 23717. అది సరిగ్గా 641కి ముప్పై ఏడు రెట్లు! శేషం సున్నా. పది అంకెల కొండని మనం ముట్టుకోనే లేదు, మిగిలిన శేషంతోనే పని అయిపోయింది. నాకైతే ఆయిలర్ కంటే ఈ 154 మీదే ముద్దొచ్చింది.

ఆ ఐదింటి తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధానం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఏడోది ఇరవై అంకెలు: 18446744073709551617. ఈ ఆదివారం దాన్ని 274177తో భాగించి చూడు. కంప్యూటర్ ముట్టుకోకుండా చెయ్యాలి, కాగితం ఫొటో పంపాలి.

నీ
సూరి