బాగున్న కంప్యూటర్‌ని ఎందుకు పక్కన పెట్టాలి?

ఎడిటర్ గారికి,

విండోస్ 10కి మామూలు సపోర్ట్ (ఉచిత అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, మాలాంటి చిన్న డీటీపీ షాపుల వాళ్లకి ఆ టెన్షన్ మాత్రం ఇంకా పోలేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చకచకా చేసిపెడుతున్న సిస్టమ్‌ని పట్టుకుని, ప్రాసెసర్ పాతది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు, విండోస్ 11కి పనికిరాదు అంటే ఎలా? ర్యామ్ వేస్తే, ఎస్‌ఎస్‌డీ మారిస్తే ఇంకో ఐదేళ్లు నడిచే మెషీన్లవి.

పేజ్‌మేకర్ కంపెనీ అడోబీ 2013లోనే సాఫ్ట్‌వేర్‌ని ఒకేసారి అమ్మడం మాని చందా బాట పట్టింది. 2015లో విండోస్ 10 తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ కూడా ఇకపై ఇది ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వచ్చే సర్వీసు అంది, మొదటి ఏడాది ఫ్రీ అప్‌గ్రేడ్ అనేసరికి అందరం సంబరపడ్డాం. ఇప్పుడు 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే వాళ్ల అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఇవ్వాలట, లేదంటే 30 డాలర్లో మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లో ఇచ్చుకోవాలి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే అక్కడ ఆ బ్యాకప్ షరతు తీసేశారు. మన దగ్గర అడిగేవాళ్లేరీ?

వంట నూనె ప్యాకెట్ మీద తేదీ వేయిస్తున్నాం కదా, కంప్యూటర్ అట్టపెట్టె మీద అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో పెద్ద అక్షరాల్లో వేయించమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖని కోరుతున్నాను.

- ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ