ఇకపై ఛాసిస్ నంబరు లేనిదే ఆర్డరు తీసుకోం

కారు పేరు, సంవత్సరం చెబితే పార్టు పంపే పద్ధతి ఆపేస్తున్నాం. ఛాసిస్ నంబరు, అంటే ప్రతి బండికీ ఫ్యాక్టరీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, కూడా కావాలి. "బ్రేక్ ప్యాడ్లకి కూడా ఇంత తతంగమా?" అని కొందరు ఇప్పటికే విసుక్కున్నారు. తతంగమే, కాదనం. కానీ ఒకే పేరుతో ఒకే ఏడాది వచ్చిన రెండు బండ్లకు ఒకే ప్యాడ్లు పడతాయన్న నమ్మకం లేదు. మోడల్ నడుస్తుండగానే కంపెనీ పార్టు మార్చేస్తుంది, పేరు మాత్రం అలాగే ఉంచుతుంది. ఫలానా సీరియల్ నంబరు బండి దాకా పాతది, అక్కడి నుంచి కొత్తది అని కేటలాగులో రాసి ఉంటుంది. ఆ సీరియల్ ఛాసిస్ నంబరు చివర్లోనే దొరుకుతుంది. వాపసులు తగ్గితే మాకూ లాభమే లెండి.

నంబరు కోసం మొదట బండి ముందరి అద్దం కింద, డ్యాష్‌బోర్డు అంచున బయటి నుంచి చూడండి. లేకపోతే డ్రైవరు డోరు తెరిచి డోరు పక్క పిల్లరు (నిలువు స్తంభం) మీద స్టిక్కరు వెతకండి. కొన్ని బండ్లలో సీటు దగ్గర కార్పెట్ ఎత్తితే రేకు మీద కొట్టి ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లోనూ ఉంటుంది, కాకపోతే పక్కనే ఉండే ఇంజిన్ నంబరు పంపకండి, అది వేరు.

1981 తర్వాతి బండ్లలో ఎక్కువ వాటికి ఈ నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి. ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటితోనో సున్నాతోనో కలిసిపోతాయని. కాబట్టి మీకు ఓ కనిపిస్తే అది సున్నానే. మొదటి మూడూ తయారీదారు గుర్తు: జె తో మొదలైతే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ. పదోది మామూలుగా మోడల్ సంవత్సరం. ఏ అంటే 1980, మళ్లీ 2010 కూడా. అన్ని దేశాల కంపెనీలూ ఆ లెక్క పాటించవు, అందుకే దాన్నిబట్టి మీరే ఏడాది తేల్చేయకండి.

నంబరు చెప్పేది బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అంతవరకే. తర్వాత ఇంజినో గేర్‌బాక్సో మార్చి ఉంటే అదీ చెప్పండి.

టైపు చేయొద్దు, ఫోటో తీసి నేరుగా మాకే పంపండి. నలుగురూ చూసే చోట పెట్టకండి, ఆ నంబరుతో దొంగ కాగితాలు పుట్టించేవాళ్లున్నారు. డ్యాష్‌బోర్డు మీదిదీ కాగితాల్లోదీ కలవకపోతే పార్టు సంగతి తర్వాత, బండి అమ్మినవాళ్లని ముందు అడగండి.