వీడియో తడబడితే తప్పంతా నెట్‌దేనా?

ఎడిటర్ గారికి,

శ్రీకాకుళం, టెక్కలి, ఆమదాలవలస వైపు పోటీ పరీక్షల పాఠాలు పాత ల్యాప్‌టాప్‌లలోనే చూస్తున్నారు. బొమ్మ ఆగాగి నడిస్తే చాలు, నెట్ ప్లాన్ మార్చేస్తారు. అలా మార్చే ముందు యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ (వీడియో సాంకేతిక వివరాల పట్టిక) తెరవండి. ‘బఫర్ హెల్త్’ (ముందుగానే దిగి సిద్ధంగా ఉన్న వీడియో ఎన్ని సెకన్లో చెప్పే అంకె) సున్నాకు పడిపోతుంటే నెట్ లోపమే. అది 20, 30 సెకన్ల దగ్గర నిలబడి ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ (చూపించలేక వదిలేసిన ఫ్రేములు, అంటే విడి బొమ్మలు) పెరుగుతుంటే మాత్రం ల్యాప్‌టాప్ అందుకోలేకపోతోందన్నమాట. ఎంత ఖరీదైన ప్లాన్ వేయించినా దండగే.

అక్కడే కోడెక్ (వీడియోను కుదించి పంపే పద్ధతి) వరుసలో ‘ఏవీ01’, అంటే ఏవీ1 ఉందేమో చూడండి. ఇంటెల్ 11వ తరానికి ముందు చిప్‌లలో దీన్ని విప్పే ప్రత్యేక భాగం లేదు, బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. యూట్యూబ్ సెట్టింగ్స్, ప్లేబ్యాక్‌లో ‘ప్రిఫర్ ఏవీ1 ఫర్ ఎస్‌డీ’ ఎంచుకుంటే ఏవీ1 తక్కువ నాణ్యత (ఎస్‌డీ) వీడియోలకే పరిమితమై, హెచ్‌డీ వీడియోలు విప్పడానికి తేలికైన వీపీ9 అనే మరో కోడెక్‌లో వస్తాయి. క్రోమ్ సెట్టింగ్స్, సిస్టమ్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సదుపాయం) ఆన్ చేసి, బ్రౌజర్‌ను మూసి తెరవాలి. అప్పటికీ తడబడితే వీడియో నాణ్యత తగ్గించి చూడండి. 1080పీ60 నుంచి 720పీ60కి దిగినా ఫ్రేములు సెకనుకు 60 అలాగే ఉంటాయి. 480పీలో 30కి తగ్గుతాయి గానీ, బోర్డు మీది చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

మొదట బాగా ఆడి, వేడెక్కాక తడబడితే ఫ్యాన్ పక్కనున్న లోహపు రేకుల్లో దుమ్ము పేరుకుని ఉండొచ్చు. పరుపు మీద పెట్టి వాడితే గాలి దారి ఇంకా మూసుకుపోతుంది.

– ఒక కంప్యూటర్ మరమ్మతుదారు, శ్రీకాకుళం