స్కాన్ అయిపోతే తూకానికేనా?

సంపాదకులకు నమస్కారం.

నేను పాత సర్వే పటాలు సేకరిస్తుంటాను. ఈమధ్య ఒక గ్రంథాలయం తన టోపో షీట్లన్నీ (కొండలు, వాగులు, ఊళ్లు చూపే సర్వే పటాలు) స్కాన్ చేయించి, కాగితాలను తూకానికి వేసేసింది. అందులో కొన్ని చేతులు మారి నా దాకా వచ్చాయి. సేకరించేవాడికి పండగే కావాలి గానీ, మనసొప్పలేదు.

ఒక షీటు విప్పాను. వెనక గుడ్డ అతికించి ఉంది, మడతల దగ్గర నలిగింది. కింది అంచున సర్వే చేసిన ఏడాది, ఎడిషన్ ఏడాది, మళ్లీ అచ్చువేసిన ఏడాది వేరువేరుగా ఉన్నాయి. మొదటిదానికీ చివరిదానికీ పాతికేళ్ల తేడా! అచ్చువేసిన ఏడాదినే నమ్ముకుంటే, అప్పటికే పూడిపోయిన చెరువు కూడా ఉన్నట్టే లెక్క. చెరువు హద్దుల తగాదాల్లో పాత పటాలు సాక్ష్యానికి వస్తుంటాయి. ఏ నాటి సర్వేయో తెలియని పటం ఏం సాక్ష్యం చెబుతుంది? అదే షీటు స్కాన్ తీసి చూస్తే అంచులు నాలుగూ కత్తిరించేశారు. బొమ్మ నీటుగా ఉండాలనట!

రంగులూ అంతే. అమెరికా జియలాజికల్ సర్వే ఒక దశలో, విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి చేర్చిన మార్పులను ఊదారంగులో అచ్చువేసేది. నేల మీదికి వెళ్లి సరిచూడలేదని దానర్థం. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఆ హెచ్చరిక పోయినట్టే. స్కానింగ్ మీద నాకేం కోపం లేదు. అదే సంస్థ 1884 నుంచి 2006 దాకా వచ్చిన పటాల్లో 1,78,000కు పైగా స్కాన్ చేసి, అంచులతో సహా ఉచితంగా ఇస్తోంది. చేయదలిస్తే అలా చేయొచ్చు.

సేకరించేవాళ్లమూ తక్కువేం కాదు. అరుదైన షీటు దొరికితే బీరువాలో పెట్టి తాళం వేస్తాం. చిరిగినచోట సెల్లోటేపు అంటించి, పచ్చటి మరక మిగిలాక నాలుక కరుచుకుంటాం (నేనూ చేశాను).

గ్రంథాలయాలకు నా మనవి ఒక్కటే. తీసేసే షీట్ల జాబితా ముందుగా ప్రకటించి, అడిగినవాళ్లకు ఇవ్వండి. షీటు నంబరు ఒకటే కదా అని డూప్లికేట్ కింద జమకట్టేయకండి, ఎడిషన్ మారితే అది వేరే పటం. నాకు దొరికిన షీటులో ఒక వాగు తూర్పు అంచు దాటి పక్క షీటులోకి పోతుంది. ఆ పక్క షీటు తూకంలో పోయింది.

ఇట్లు,
ఒక పాఠకుడు