అందరికీ ఒకే ఇల్లు సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో పేదలకు ప్రభుత్వం ఉచితంగా కట్టిచ్చిన డబుల్ బెడ్రూం ఇళ్లు పొందినవాళ్లు చాలామంది వాటికి తాళాలు వేసి వేరేచోట ఉంటున్నారనీ, అలాంటి ఇళ్లను రద్దు చేయాలనీ పది పన్నెండు రోజుల కిందట మీ పత్రికలో వార్త వచ్చింది. చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను. ఇప్పటికీ తగ్గలేదు.

మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఆవిడకు కొల్లూరులో ఇల్లొచ్చింది. డ్రాలో పేరొచ్చిన రోజు అందరికీ మిఠాయి పంచింది. 560 చదరపు అడుగుల ఇల్లు, పైసా కట్టక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ రేకుల గదుల్లో బతికిన మనిషికి అది మామూలు విషయం కాదు. ఆ ఇంటిని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ కొల్లూరెక్కడ, చిక్కడపల్లెక్కడ? అది సంగారెడ్డి జిల్లా, ముప్పై కిలోమీటర్ల పైమాటే. పొద్దున ఆరున్నరకు ఇక్కడ మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలంటే అక్కడ నాలుగింటికి లేవాలి. రెండు బస్సులు మారాలి, ఆ వేళకు బస్సు దొరకాలి. భర్త బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు ఎత్తుకొచ్చి రాంనగర్ సందుల్లో తోపుడు బండి మీద అమ్ముతాడు. ఆ బండిని కొల్లూరు నుంచి తోసుకురాలేడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఇల్లు చూస్తే ఎనిమిదో అంతస్తు. లిఫ్టు ఆగిన రోజు ఆమె కిందికి దిగేది లేదు. నాలుగు నెలలు ఓర్చుకున్నారు. తర్వాత తాళం వేసి ముషీరాబాద్‌లో ఆరు వేలకు ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడు ఆవిడ ప్రభుత్వ సొమ్మును దుర్వినియోగం చేసినట్టు లెక్క! ఆ ఇంటిని అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు అన్న షరతుకు ఆవిడ కట్టుబడే ఉంది. తాళం మాత్రం వేసింది. అందుకు ఆమెను తప్పుపట్టేవాళ్లు ఒక్క వారం రోజులు ఆ బస్సుల్లో తిరిగి మాట్లాడాలి.

కొల్లూరులో 145 ఎకరాల్లో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు కట్టారు. 2023 జూన్‌లో ప్రారంభించారు. అన్ని వేల ఇళ్లూ ఒకే కొలత. ఒంటరి వితంతువుకూ అదే ఇల్లు, ముగ్గురు పిల్లలూ అత్తామామలూ ఉన్న కుటుంబానికీ అదే ఇల్లు. అందరికీ ఊరి చివరే, అందరికీ సొంతానికే. ఇల్లు లేని మనిషికి ఏం కావాలో అడగకుండానే మన దగ్గర పథకం తయారైపోతుంది. అధికారులకు లెక్క చూపించడానికి ఒకే నమూనా అయితే సులువు, అంతకుమించి దీనికి వేరే కారణం నాకు కనబడలేదు.

పేదలకు ఉన్నచోటే ఇల్లు కట్టడం కుదరదా అంటే, కుదురుతుందని ఇదే పథకం మొదట్లో రుజువు చేసింది. సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో పాత క్వార్టర్లు పడగొట్టి, అదే జాగాలో 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో అక్కడివాళ్లకే ఇచ్చారు. ఎవరి పనీ పోలేదు, ఏ పిల్లాడి బడీ మారలేదు. ఊరంతా వెళ్లి చూసొచ్చింది. ఆ తర్వాత బస్తీల్లో అలా కట్టినవి కొన్నే. వేలల్లో కట్టింది ఊరి అంచుల్లోనే, ఖాళీ జాగా అక్కడ దొరికింది కాబట్టి.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ ఊరికి ఇంతకన్నా మంచి ఆలోచన వందేళ్ల కిందటే ఉంది. 1908లో మూసీ వరద వచ్చాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు (సీఐబీ) పెట్టారు. అది ఇరుకు బస్తీలు తీసేసి, ఆదాయాన్ని బట్టి చిన్నవీ పెద్దవీ రకరకాల ఇళ్లు కట్టి అద్దెకు ఇచ్చింది. దయచేసి ఆ మాట గమనించండి, అద్దెకు. ఆజంపురాలో, ఖైరతాబాద్‌లో సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు ఇప్పటికీ వినబడుతుంది. మా నాన్నగారు చిన్న గుమాస్తాగా ఉన్నప్పుడు మేం అలాంటి ఇంట్లోనే పెరిగాం. జీతం రాళ్లతోనే అద్దె కట్టేవారు, ఎవరూ ఖాళీ చేయమనలేదు. తర్వాత ఆ బోర్డు హౌసింగ్ బోర్డులో కలిసిపోయింది. హౌసింగ్ బోర్డు కూడా కూకట్‌పల్లిలో ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాలకు తగ్గ ఇళ్లు కట్టి చిన్న జీతగాడినీ పెద్ద జీతగాడినీ ఒకే కాలనీలో ఉంచింది. ఇప్పుడు బోర్డు అంటే గుర్తొచ్చేది స్థలాల వేలమే.

వేలం అంటే కోకాపేట చెప్పాలి. 2023 ఆగస్టులో అక్కడ ప్రభుత్వ భూమి ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. పేపర్లన్నీ పండగలా రాశాయి, మీ పేపరుతో సహా. హైదరాబాద్‌లో ఒక స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టొచ్చన్న పరిమితిని 2006లోనే తీసేశారు. రోడ్డు వెడల్పును బట్టి ఎంతెత్తయినా లేపుకోవచ్చు. ఇంత వెసులుబాటు ఇచ్చినప్పుడు బదులుగా ప్రజలకు ఏమొచ్చింది? ప్రతి కొత్త గృహ నిర్మాణంలో 10 నుంచి 15 శాతం స్థలం గానీ 20 నుంచి 25 శాతం నిర్మాణం గానీ పేదలకూ తక్కువ ఆదాయం వాళ్లకూ కేటాయించాలని 2007 జాతీయ గృహ విధానంలో రాసి ఉంది. ఆ టవర్లు కడుతున్న పాలమూరు కూలీలు, బీహార్, ఒడిశా కూలీలు పక్కనే రేకుల షెడ్లలో పడుకుంటున్నారు. వాళ్లకిక్కడ సొంతిల్లు అక్కర్లేదు. రెండేళ్లు ఉండటానికి నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న గది కావాలి. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు నడిచి వెళ్లడం చూశాకే కేంద్రం చౌక అద్దె ఇళ్ల పథకం పెట్టింది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస యోజన రెండో విడతలోనూ అద్దె ఇళ్లకు ఒక విభాగం ఉంది. మా ఊళ్లో అది నాకెక్కడా కనబడలేదు.

నా సొంత బాధ కూడా చెప్పుకోవాలి. మా అక్కకు డెబ్బై ఒకటి. బావగారు పోయాక, నాకు దగ్గరగా ఉంటుందని జనగామ నుంచి తీసుకొచ్చాను. మా ఇంట్లో ఉండటానికి మొహమాటం, విడిగా ఉంటానంటుంది. పెన్షన్ వస్తుంది, అద్దె కట్టగలదు. రెండు నెలలుగా టులెట్ బోర్డు కనబడిన ప్రతి గుమ్మం ఎక్కాం. 'ఫ్యామిలీకే ఇస్తాం' అంటారు. ఒకాయన మొహమ్మీదే, 'పెద్దావిడ, రేపు జరగరానిది జరిగితే మా ఇంట్లో కుదరదమ్మా' అన్నాడు. అద్దె ఇంట్లో పోయినవాళ్ల శవాన్ని గడప లోపల ఉంచనివ్వని ఊరు మనది. వానలో, రోడ్డు పక్కన టెంటు కింద పెట్టుకుని ఏడ్చిన కుటుంబాలను నేను చూశాను. అక్క ఆ మాట విని మెట్ల మీదే కూర్చుండిపోయింది. అదే పెళ్లికాని ఉద్యోగస్తురాలైతే అమీర్‌పేట హాస్టల్లో నలుగురితో ఒకే గదిలో సర్దుకోవాలి. ముస్లిం అయితే, మాంసం తినేవాళ్లైతే ఇంకో రకం ప్రశ్నలు. వీళ్లెవరూ ప్రభుత్వ లెక్కలో ఇల్లు లేనివాళ్లు కారు. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు కట్టుకోవడానికి ఐదు లక్షలు ఇస్తామంటున్నారు, మంచిదే. కానీ మొదట సొంత జాగా ఉన్నవాళ్లకట. చిక్కడపల్లిలో గజం జాగా ఉన్నవాడు అర్జీ ఎందుకు పెట్టుకుంటాడు? అక్క విషయం అడుగుదామని ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాను. సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు, సర్వర్ డౌన్ అన్నారు, ఇది మా సెక్షన్ కాదన్నారు. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పిన నన్నే అలా తిప్పితే, చదువురాని మనిషిని ఎంత తిప్పుతారో!

హైదరాబాద్‌కు 2050 మాస్టర్ ప్లాన్ తయారవుతోందంటున్నారు. మ్యాపులో నివాస ప్రాంతమని పసుపు రంగు వేస్తే సరిపోదు. ఆ పసుపులో ఎవరు ఉంటారో కూడా ప్లానులోనే రాయాలి. మెట్రో స్టేషన్ల దగ్గరున్న సర్కారు జాగాలను వేలం వేయకుండా అక్కడ అద్దె ఇళ్లు కట్టాలి. ఒంటరివాళ్లకు ఒక గది ఇళ్లు, పెద్దవాళ్లకు కింది అంతస్తు ఇవ్వాలి. బస్తీ వాళ్లకు బస్తీలోనే కట్టాలి. కొల్లూరులో ఇల్లొచ్చి ఉండలేని వాళ్లు పనికి దగ్గరగా మార్చుకునే వీలు కల్పించాలి. అక్కడ ఉండగలిగినవాళ్ల కోసం పొద్దున్నే బస్సులు పెంచాలి.

అన్నిటికన్నా ముందు, రద్దు నోటీసు పంపే అధికారి ఒక్కసారి ముషీరాబాద్ వచ్చి ఆ కుటుంబం ఉంటున్న గది చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పొద్దున వస్తే ఆవిడ దొరకదు. పన్నెండు దాటాక వస్తే ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్