అమ్మా, పడవ సంగతి

కొలంబస్, ఒహాయో
మే నెలాఖరు

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

మొన్న ఫోనులో పిల్లల్ని పడవ మీద తీసుకెళ్ళామని చెప్పగానే నువ్వు "ఊఁ" అని ఊరుకున్నావమ్మా. ఆ ఊఁ నాకు తెలుసు. తర్వాత ఎంతసేపు మాట్లాడినా నీ మనసంతా నీళ్ళ దగ్గరే ఉంది. ఫోనులో నేను సగం చెప్పేలోపు పిల్లలు లాక్కుంటారు. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నాను. నాన్న చదివి వినిపిస్తారు, చివరిదాకా విను.

ఇక్కడ మే నెల ఆఖరి సోమవారం మెమోరియల్ డే. యుద్ధాల్లో ప్రాణాలు పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజుల సెలవు వస్తుంది. మేమూ, నాతో పనిచేసే ఆయన కుటుంబమూ, ఇంకో తెలుగువాళ్ళూ కలిసి ఈరీ సరస్సు ఒడ్డున పోర్ట్ క్లింటన్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇక్కణ్ణుంచి కారులో రెండు గంటల పైచిలుకు. పడవ నాతో పనిచేసే ఆయనదే. ఆయన మామగారు కూడా వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, ఆ సరస్సు మీదే పెరిగాడు. ఎక్కువ మాట్లాడడు.

ముందు నీ భయం సంగతి. పడవలో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు ఉండి తీరాలి, అది చట్టం. 18 అడుగుల లోపు పడవైతే పదేళ్ళలోపు పిల్లలు వాటిని వేసుకునే కూర్చోవాలని ఒహాయో రూలు. మేమెక్కింది 21 అడుగుల పడవ, కాబట్టి రూలు మనల్ని అడగదు. పెద్దాయన అడిగాడు. పిల్లలే కాదు, పెద్దవాళ్ళం కూడా అవి తగిలించుకునేదాకా తాడు విప్పలేదు. చిన్నాడి జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూశాడు. గడ్డం దాటి పైకి జరిగితే అది వాడి సైజు కాదట. జరగలేదు. మేలో ఎండ చురుక్కుమంటున్నా నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. ఆ చలికి ఈత వచ్చినవాడికైనా ఊపిరి బిగుసుకుపోతుందని చెప్పాడు. పడవ నడిపే మనిషికీ ఇంజనుకూ మధ్య ఒక తాడు ఉంటుందమ్మా. మనిషి నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి, ఇంజను దానంతటదే ఆగిపోతుంది.

ఇక చేపల సంగతి. ఇది నాన్నకు. ఇక్కడ అందరూ పట్టేది వాలై. పేరు వినగానే వాలుగ అనుకుంటారు మీరు, నేనూ అనుకున్నాను. రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు. వాలుగకు పొలుసుండదు, దీనికి ఉంటుంది. ఒళ్ళు ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగు, వీపు మీద ముళ్ళ రెక్క, నోట్లో సూదుల్లాంటి పళ్ళు. కళ్ళు మాత్రం పిల్లి కళ్ళలా మెరుస్తాయి. చీకట్లోనూ, మసక నీళ్ళలోనూ వేటాడే చేప కదా. అందుకే తెల్లవారకముందే బయల్దేరాం. ఎర వానపామే నాన్నా! గాలానికి ముందు తళతళలాడే చిన్న రేకొకటి తిరుగుతుంటుంది, కింద సీసపు గుండు. ఇంజను ఆపేసి, పడవను గాలివాటుకు వదిలేసి, నీటి అడుగుకు కాస్త పైనుంచి ఆ ఎరను ఈడుస్తూ పోవడమే.

పెద్దాయన గాలం ముడి వేస్తుంటే నేను చూస్తూ ఉండిపోయాను. దారాన్ని గాలం కన్నులోంచి దూర్చి, ఐదారు మెలికలు తిప్పి, కొసను వెనక్కి దూర్చి, బిగించే ముందు నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపాడు. అచ్చం మీలాగే నాన్నా. ఎందుకని అడిగితే, పొడిగా లాగితే రాపిడికి దారం దెబ్బతింటుందన్నాడు. మీరు నాకెప్పుడూ కారణం చెప్పలేదు, తడపమని మాత్రం చెప్పారు.

మొదటి చేప మా పెద్దమ్మాయికే పడింది. కర్ర వంగింది, దాని మొహం చూడాలి! ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేను చేతివలతో పైకి తీశాను, కొలబద్ద మీద పెట్టాం. 14 అంగుళాలు. ఇక్కడ 15 అంగుళాలకు తక్కువున్న వాలైని ఉంచుకోకూడదు. మనిషికి రోజుకు ఆరే. అది మళ్ళీ కొలవమంది. తోక రెండు కొసల్నీ దగ్గరికి నొక్కి కొలిచాం, అంతే వచ్చింది. చుట్టుపక్కల ఇంకో పడవ లేదు, చూసేవాళ్ళు ఎవరూ లేరు. అదే రెండు చేతుల్తో నీళ్ళలోకి దించి వదిలింది. తర్వాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రోజు అందరం కలిసి తొమ్మిది ఇంటికి తెచ్చాం. నీ కోడలు ముక్కలకు పసుపూ కారమూ అల్లమూ పట్టించి వేయించింది. తెల్లటి కండ, ముల్లు లేకుండా వస్తుంది. చిన్నాడు తనంతట తానే తిన్నాడు. 1960లలో ఈ సరస్సు చచ్చిపోయిందని పేపర్లలో రాసేవారని పెద్దాయన భోజనాల దగ్గర చెప్పాడు. ఇందులో కలిసే కయహోగా నది మీద పేరుకున్న నూనెకు 1969లో నిప్పంటుకుందట. 1972లో నీటి చట్టం వచ్చాక ఫ్యాక్టరీల మురికి తగ్గుతూ వచ్చింది. ఎండలు ముదిరాక పొలాల ఎరువుల వల్ల పచ్చటి నాచు ఇప్పటికీ పడుతుందనీ, అది ఇంకా తీరలేదనీ అన్నాడు.

ఇక నీతో చెప్పకుండా దాచాలనుకున్నది ఆదివారం సంగతి. దాస్తే నువ్వే కనిపెడతావు.

ఆ పొద్దున సౌత్ బాస్ దీవికి వెళ్ళాలని ఏర్పాటు. అక్కడ 352 అడుగుల స్తంభం ఉంది, 1813లో ఈ సరస్సు మీద జరిగిన యుద్ధానికి గుర్తుగా కట్టింది. పిల్లలు రాత్రంతా దాని గురించే మాట్లాడుకున్నారు. గాలి మధ్యాహ్నం నుంచి లేస్తుందని వాతావరణం వాళ్ళు చెప్పారు. నది మూతి దాటి కాస్త దూరం పోయామో లేదో, ఈశాన్యపు గాలి ముందే అందుకుంది. ఐదు పెద్ద సరస్సుల్లోకీ లోతు తక్కువది ఇదే. మేమున్న పడమటి భాగంలో సగటున 24 అడుగులే. లోతు తక్కువైతే భయం తక్కువని నేననుకునేవాణ్ణి. కాదు. లోతు లేనిచోట గాలికి అల త్వరగా లేస్తుంది, నిటారుగా లేస్తుంది, ఒకదాని వెనక ఒకటి ఊపిరాడనివ్వకుండా వస్తుంది. స్తంభం ఎదురుగా కనిపిస్తోంది. పిల్లల మొహాలు చూసి నేనే అన్నాను, "ఇంకెంత, పావుగంట" అని. పెద్దాయన నాకు జవాబు చెప్పలేదు. అల్లుడి భుజం తట్టాడు, పడవ వెనక్కి తిరిగింది.

పిల్లలు ఏడ్చారు. నాకూ కష్టంగానే అనిపించింది.

మధ్యాహ్నం మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళాం. 1822 నుంచి వెలుగుతున్న దీపం అది. కింద రాళ్ళ మీద అలలు విరిగి మా మొహాల మీద తుంపర పడుతోంది. ఆ నీళ్ళలో ఒక్క చిన్న పడవ లేదు. చిన్నాడు నా వేలు పట్టుకుని, "మనం అక్కడ ఉండేవాళ్ళమా నాన్నా?" అన్నాడు. వాణ్ణి ఎత్తుకున్నాను, అంతకంటే ఏమీ చేయలేకపోయానమ్మా. పెద్దాయనకు నీ తరఫున కూడా దణ్ణం పెట్టాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

సోమవారం పొద్దున సామాను సర్దుకుని బయల్దేరాం. దారి పొడుగునా జెండాలు సగం దాకా దించి ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం దాకా అలాగే ఉంచి, తర్వాత పైకి ఎగరేస్తారు.

ఈ ఉత్తరంతో పాటు ఒక మడత కాగితం ఉంది చూడు. పెద్దమ్మాయి వదిలేసిన చేప బొమ్మ అది. గుర్తున్నంతవరకు దాని సైజులోనే గీసింది, నాన్నను స్కేలు పెట్టి చూడమంది. సరిగ్గా 14 అంగుళాలు ఉంటుంది. తోక కింది కొసకు రంగు వేయడం మరిచిపోయిందనుకోకండి, అక్కడ ఆ చేప నిజంగానే తెల్లగా ఉంటుంది.

మీ అబ్బాయి