దేవదాసు చావుకి పార్వతిని ఆడిపోసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న గ్రంథాలయ వారోత్సవాల్లో మా విజయనగరంలో ఒకచోట కాలేజీ పిల్లలకి చర్చ పెట్టారు. దేవదాసు చావుకి బాధ్యులెవరన్నది విషయం. చివర్లో చేతులెత్తమంటే సగానికి పైగా పార్వతి పేరుకే లేచాయి. 'ఆ పిల్లకి అంత పొగరు లేకపోతే వాడు బతికేవాడు' అన్నారొక పెద్దాయన. చప్పట్లు కొట్టారు. రెండో వరసలో ఒకమ్మాయి లేచి, 'ముందు అడిగింది ఆవిడే కదా సార్' అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుండిపోయింది. ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నేనైనా లేచి మాట్లాడాల్సింది. లేవలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అమ్మాయి అన్నది నిజం. బెంగాలీ రచయిత శరత్ చంద్ర రాసిన 'దేవదాసు' నవల అచ్చయింది 1917లో. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్లి, నీ పాదాల దగ్గర చోటివ్వమని అడిగింది. అతనేం చేశాడు? ఇంట్లో ఒప్పుకోలేదని కలకత్తా వెళ్లిపోయి, నీ మీద అంత ప్రేమ ఉందని నాకెప్పుడూ అనిపించలేదంటూ ఉత్తరం రాశాడు. పోస్టు చేశాక బాధపడ్డాడు, కాదనను. కానీ ఆ ఉత్తరం చదువుకున్నది పార్వతి. తర్వాత తిరిగొచ్చి అడిగితే చెరువు దగ్గర ఆమె కాదంది. మనవాళ్లు పొగరంటున్నది దీన్నే. అందుకు అతను గాలపు కర్రతో నుదుటి మీద నెత్తురు కారేలా కొట్టాడు. చర్చలో ఈ దెబ్బ సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

సినిమా మాత్రమే చూసినవాళ్లు ఇదంతా డబ్బూ హోదా గొడవ అనుకుంటారు. నవలలో ఇంకొకటుంది. పార్వతి వాళ్లది ఆడపిల్లకి సొమ్ము పుచ్చుకునే ఇల్లని, పైగా పక్కిల్లని దేవదాసు తల్లి వద్దంటుంది. అంటే ఓలి, కన్యాశుల్కమన్నమాట. కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ఆడిన ఊరు మనది. ఇక్కడ జరిగిన చర్చలో ఆ మాటే రాకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

నన్నడిగితే తప్పు ముందు దేవదాసుదే. తాగుడు మానమని పార్వతి బతిమాలితే మాటివ్వలేదు. ఎప్పుడో ఒకప్పుడు నీ ఇంటికొస్తానని మాత్రం మాటిచ్చి, చావు ముంచుకొచ్చాక ఎడ్లబండిలో వచ్చి ఆమె ఇంటి ముందు చెట్టు కింద పడుకున్నాడు. లోపలున్న పార్వతికి అతనెవరో తెలియదు. పోయాక ఆ శవాన్ని ముట్టుకోవడానికి ఊళ్లోవాళ్లు ముందుకు రాలేదు. వాళ్లనీ ఎవరూ తప్పు పట్టలేదు.

పాత పుస్తకం గొడవ ఇప్పుడెందుకంటారేమో. మా వీధిలో ఒక కుర్రాడు తాగి బండి మీంచి పడితే, కాదన్న అమ్మాయి వల్లే అన్నారు. ఆ పిల్ల టెన్షన్‌తో కొన్ని వారాలు కాలేజీ మానేసింది. ఆ రోజు చేతులెత్తిన పిల్లలు ఇలాంటి వీధుల్లోనే ఉంటున్నారు.

నిర్వాహకులకి నాదొక విన్నపం. వచ్చే నవంబరులో ఇదే చర్చ మళ్లీ పెట్టండి. ముందు ఆ నవల పది కాపీలు తెప్పించి పిల్లల చేత చదివించండి. కలకత్తా ఉత్తరం ఉన్న పేజీ నేనే వచ్చి చదివి వినిపిస్తాను. రెండో వరసలో కూర్చున్న ఆ అమ్మాయిని కూడా పిలవండి.

- ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, విజయనగరం